మద్దిచెట్టు మీది పట్టుపురుగు: పేరు ఒక్కటే రాస్తే సరిపోదు

పత్తి ధర మీద రాయమని నలుగురైదుగురు అడిగిండ్రు. దాని సంగతి ఇంకోసారి రాస్త. ఈ పూట ఒక పురుగు గురించి రాస్తున్న. పురుగు అనంగనే ఏ మందు కొట్టాలె అని అడగకుండ్రి. మందు కొట్టి నేను చేసిన తప్పు కాడికెళ్లే ఈ ముచ్చట మొదలైతది.

మా చేను వాగు పక్కన, నాలుగెకరాలు. నా చేనుకు, మా తమ్ముని చేనుకు నడుమ గట్టు మీద రెండు నల్లమద్దులు, ఒక తెల్లమద్ది ఉన్నయి. మా నాయన నాటినవి కావు, ఆయన నరకకుండ వదిలిపెట్టినవి. నాలుగేండ్ల కింద వినాయక చవితి ఎల్లినంక పత్తికి మందు కొడుతున్న. నల్లమద్ది కింది కొమ్మకు ఆకు లేదు, ఈనెలే మిగిలినయి. తల ఎత్తి చూస్తే బొటనవేలంత లావు, నాలుగైదు అంగుళాల పొడుగు, నిగనిగలాడే పచ్చ పురుగులు. పది పన్నెండు ఉంటయి. పంపుల ఇంకా రెండు మూడు లీటర్ల మందు మిగిలే ఉన్నది. పారబోసుడు ఎందుకని వాటి మీద కొట్టిన. పత్తి మీదికి దిగుతయేమో అన్న భయం కూడ ఉండె. తెల్లారి పోయి చూస్తే చెట్టు కింద నల్లబడి పడి ఉన్నయి, చీమలు పట్టినయి.

ఇంటికొచ్చి ఇట్ల పెద్ద పురుగులు చంపిన అని గొప్పగ చెప్పిన. మా అమ్మకు డెబ్బై దాటినయి. తింటున్న పళ్లెం పక్కకు పెట్టి, "ఒంటి పక్కల వెండి చుక్కల లెక్క మెరుస్తున్నయా?" అని అడిగింది. మెరుస్తున్నయి అన్న. "గవి పట్టుపురుగులురా. మా తల్లిగారి ఊళ్లె వాటికి నెలరోజులు కావలి ఉండేటోళ్లం, కాకులు తినకుండ" అన్నది. ఇంకేం అనలే. పళ్లెం మళ్ల దగ్గరికి గుంజుకున్నది.

చెన్నూరు, మహదేవపూర్ దిక్కోళ్లకు దసలి పట్టు అంటే నేను కొత్తగ చెప్పేది లేదు. మల్బరీ తోట పెట్టి ఇంట్ల తట్టలల్ల పెంచే పట్టు వేరు. ఇది మద్దిచెట్టు మీదనే పుట్టి, అక్కడనే ఆకు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి, అక్కడనే కాయ కట్టుకుంటది. కాయ ఏరి అమ్ముకున్నోళ్లు మనల్ల ఉన్నరు, దారం తీసినోళ్లు ఉన్నరు, చీర నేసినోళ్లు ఉన్నరు. రెక్కలు వచ్చినంక ఆ పురుగు ఎట్ల ఉంటదో చూసినోళ్లు మాత్రం నా ఈడోళ్లల్ల చానా తక్కువ. నేను యాభై దాటేదాక చూడలే. ఎప్పుడన్న ఎగురంగ చూసి ఉన్నా గబ్బిలం అనుకొని ఉంట.

పోయినేడు ఆరుద్ర కార్తెల, వాన ఎలిసిన రాత్రి, మా అరుగు మీది బల్బు పక్కన గోడకు అతుక్కొని కూసున్నది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతనో అంత. ఇటుక రంగు. నాలుగు రెక్కల మీద నాలుగు గుండ్రటి కండ్లు. ఆ కన్ను నడిమిట్ల చిన్న అద్దం ముక్క అతికించినట్టు ఉంటది, దాంట్లకెళ్లి అవతలి గోడ సున్నం కనపడ్డది. అమ్మ కండ్లద్దాలు పెట్టుకొని చూసి "మగది" అన్నది. ఎట్ల తెలిసిందంటే నెత్తి మీది మీసాలు చూపెట్టింది. మగదానికి అవి ఈకల లెక్క వెడల్పుగ ఉంటయి. ఆడది తన వాసన గాలిల వదులుతది, మగది ఆ మీసాలతోటే వాసన పట్టుకొని ఎంతో దూరం నుంచి వస్తది. ఆడదాని మీసాలు సన్నగ ఉంటయి, పొట్ట గుడ్లతోటి బరువుగ ఉంటది. రంగు చూసి మాత్రం నమ్మకుండ్రి. మగయి ఎక్కువ ఇటుక రంగు, ఆడయి ఎక్కువ పసుపు, బూడిద రంగు ఉంటయి గని, ఒక్క తల్లి పిల్లలల్లనే రంగులు మారుతయి.

తెల్లారితే కోడి చూస్తదని గంప బోర్లించి, పొద్దుగూకినంక వదిలిన. తినబెట్టాల్నా అని మనుమడు అడిగిండు. దానికి తినే నోరే ఉండదు. పురుగుగ ఉన్నప్పుడు తిన్నదే తిండి. ఆ బలం మీదనే వారం పది రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతది. ఆడది నూటయాభై, రెండు వందల గుడ్లు పెడతది. అందుల కాకులు, కందిరీగలు, చీమలు, ఊజి ఈగలు, మనం కొట్టే మందులు అన్నీ పోను చెట్టుకు నాలుగు కాయలు మిగిలితే ఎక్కువ.

ఆ రాత్రి తీసిన ఫొటోను మా మేనల్లుడు ఐనాచురలిస్ట్ అనే దాంట్ల పెట్టిండు. ఎవరు ఏ జీవిని చూసినా తారీకు, జాగతోటి పెట్టుకునే జాగా అది. మన దేశానికే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అని ఇంకోటి ఉన్నది. రెండు రోజుల్ల పేరు వచ్చింది: యాంథీరియా మైలిట్టా. 1773లో డ్రూరీ అనే ఇంగ్లండు ఆయన పుస్తకంల రాసిన జాతి ఇది. సంబురమైంది. అప్పుడు నేను ఇంకో ప్రశ్న రాయించిన: ఇది మన లోకల్ తెగనా, బయటి నుంచి తెచ్చిన తెగనా? ఫొటో చూసి చెప్పలేము అని జవాబు వచ్చింది. అక్కడ ఆగిపోయిన. నా అసలు మాట కూడ అక్కడనే ఉన్నది.

సంగతి ఏందంటే, ఈ ఒక్క జాతిలోనే దేశం మొత్తంల నలభైకి పైగా తెగలు ఉన్నట్టు పట్టు శాస్త్రవేత్తలు లెక్క గట్టిండ్రు. జార్ఖండ్ దిక్కు డాబా, బస్తర్ సాల్ అడవులల్ల రైలీ, ఒడిశా దిక్కు మోడల్. మన గోదావరి, ప్రాణహిత ఒడ్డు అడవులది ఆంధ్రా లోకల్. రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది, బోర్డులు మారినయి, బండ్ల నంబర్లు మారినయి, పురుగు పేరు ఇంకా ఆంధ్రా లోకలే. పేరు సంగతి పక్కకు పెడదాం. దీని కాయ చిన్నది, గట్టిది. ఈ ఎండకు, ఈ మద్ది ఆకుకు తరతరాలుగ అలవాటు పడ్డది. డాబా కాయ పెద్దది, పట్టు ఎక్కువ వస్తది. అందుకే పెంచేటోళ్లకు బయటి గుడ్లు ఇచ్చుడు ఎక్కువైంది, మన లోకల్ అడివిల తగ్గిపోయింది.

తెగలు వేరైనా జాతి ఒక్కటే, కాబట్టి కలిసిపోతయి. పెంపకంల నుంచి బయటపడ్డ మగ పురుగు అడివిల ఉన్న లోకల్ ఆడదాన్ని వెతుక్కుంట పోతది. పుట్టిన పిల్లలు అటూ ఇటూ కాకుండ ఉంటయి. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంల బయటి గుడ్లు పెంచే మద్దితోట ఉన్నది. నా గోడ మీద కూసున్నది అక్కడి నుంచి తప్పిపోయి వచ్చిందో, మా వాగు మద్ది మీద పుట్టిందో ఇప్పటికీ నాకు తెల్వదు. రేపు ఎవరన్న లెక్క తీస్తే నా ఫొటో కూడ ఒక గుర్తు కింద పడతది, "ఈ మండలంల ఉన్నది" అని. ఏది ఉన్నట్టు? బయటి పురుగులను చూసి లోకల్ బాగనే ఉన్నదని కాయితం మీద రాసుకుంటే, అసలుది పోయిన సంగతి కూడ మనకు తెల్వకుండ పోతది.

పెంచేటోళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు నా లాంటి రైతులే, నాకన్న తక్కువ భూమి ఉన్నోళ్లు. పెద్ద కాయ ఇస్తే పెద్ద కాయనే పెంచుతరు, నేను బీటీ పత్తి పెట్టలేదా? 2002లో బీటీకి అనుమతి వచ్చింది, తర్వాత కొన్నేండ్లకే మా ఊళ్లె దేశీ పత్తి గింజ మాయమైంది. మా తాత పెట్టిన పత్తికి ఊళ్లె ఒక పేరు ఉండేనట. ఆ పేరు ఇప్పుడు మా అమ్మకు కూడ యాదికి లేదు. పూత రంగు ఏంది, ఎన్ని రోజుల పంట, ఏ నేలల పండేది, ఒక్క ముక్క ఎవ్వరూ రాసిపెట్టలే. వద్దన్నోళ్లు లేరు, రాయాలె అన్న ఆలోచనే ఎవరికీ రాలే.

అందుకే నేననేది, పురుగు పేరు, ఫొటో, తారీకు పెట్టి ఊకుంటే సరిపోదు. ఏ చెట్టు మీద దొరికింది, నల్లమద్దా, తెల్లమద్దా, రేగు చెట్టా? రేగు మీద కూడ బతుకుతది ఇది. పెంచే తోట ఎంత దూరంల ఉన్నది, ఆ తోటల ఆ ఏడు ఏ తెగ గుడ్లు పెట్టిండ్రు? కాయ పొడుగు ఎంత, దాని కాడ ఎంత? ఈ కాడ ముచ్చట ముఖ్యం. దసలి కాయ మామిడికాయ లెక్క కాడకు వేలాడుతది, కాడ కొసన ఉంగరం లెక్క కొమ్మకు చుట్టుకొని ఉంటది. ఆముదం మీద పెరిగే ఎరీ పట్టు కాయకు ఆ కాడ ఉండదు, మెత్తగ దూది లెక్క ఉంటది. తెగ తెగకు కాయ సైజు, కాడ పొడుగు మారుతయి కాబట్టి, వంద మంది రైతులు కొలిచి రాస్తే చదువుకున్నోళ్లకు అందులకెళ్లి ఏదో ఒకటి తేలుతది. ఖాయంగ చెప్పాలంటే ప్రయోగశాలల పరీక్ష చేయాలె, అది మనతోటి కాదు. కానీ ఏ గట్టు మీద, ఏ వాగు ఒడ్డు మీద కాయ ఉన్నదో చెప్పేటోడు లేకపోతే ఆ పరీక్షకు వాళ్లు ఎక్కడికి రావాలె?

మనకు ఇంత గుర్తుపట్టే తెలివి ఉన్నదా అనేటోళ్లకు ఒక్క మాట. 2018లో కత్తెర పురుగు దేశంలకు వచ్చింది. మక్క పెట్టే రైతు ఇప్పుడు పురుగును పట్టుకొని తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దిక్కు చదరంగ ఉన్న నాలుగు నల్ల చుక్కలు చూసి చెప్తున్నడు. గులాబీ రంగు పురుగు తల్లి పురుగులు బుట్టల రాత్రికి ఎన్ని పడ్డయో లెక్క రాస్తున్నడు. నష్టం చేసే పురుగుకు ఇంత చదువు చదివినోళ్లం, నష్టం చేయని దాన్ని పచ్చగ కనపడంగనే చంపుతున్నం. నేను చంపిన కదా. మద్ది ఆకు తిన్న పురుగు పత్తికి దిగదు, తిన్న ఆకు మళ్ల చిగురిస్తది. ఇంత చిన్న ముక్క నాకు ఎవరన్న ముందు చెప్పి ఉంటే బాగుండు అనుకుంట.

కాయలు వెతుకుడు కష్టమేమీ కాదు. ఎండకాలం మద్ది ఆకు రాల్చినప్పుడు ఒట్టి కొమ్మలకు వేలాడుతుంటే కింద నిలబడే లెక్కపెట్టొచ్చు. చలికాలం ముందు కట్టుకున్న కాయలల్ల పురుగు అట్లనే నిద్ర పోతది, ఎండలన్నీ దాటేసి తొలకరికి బయటికి వస్తది. కాడ దిక్కు కొసన దారం మెత్తబడి బొర్ర పడి ఉంటే పురుగు ఎల్లిపోయినట్టు. చెక్కుచెదరకుండ, బరువుగ ఉంటే లోపల పాణం ఉన్నట్టే. తెంపకుండ్రి. కింద నిలబడి ఫొటో తీసి, స్కేలు పట్టుకొని కొలిచి, నోటుబుక్కుల రాసుకోండ్రి. రాత్రి చూడాలంటే అరుగు మీద తెల్ల ధోతి కట్టి బల్బు వేస్తే చాలు, తొలి వానలు పడ్డ పదిహేను రోజులు. నిండా తెల్లారేదాక మాత్రం వేసి ఉంచకుండ్రి. వెలుగు కాడనే చుట్టు తిరుగుకుంట ఉంటే ఆ రాత్రి జత కట్టకుండ పోతది, దానికి ఉన్నవే వారం రోజులు.

రాసింది ఫోన్ల ఉంటే సరిపోదు, ఊళ్లె ఉండాలె. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక కమిటీ ఉండాలె, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలె. మా ఊరిది అడిగి తీయించుకొని చూసిన. పురుగుల పేజీల "సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు, తేనెటీగలు" అని ఒక్కటే వరుస. మా వాగు పేరు లేదు, మద్దిచెట్టు ఎక్కడెక్కడ ఉన్నదో లేదు, మా ఊళ్లె ఎన్నడూ చూడని చెట్ల పేర్లు మాత్రం నాలుగు ఉన్నయి. ఎక్కడి నుంచి దించిండ్రో మరి. మా అమ్మను అడిగితే ఒక్క పొద్దుల రెండు పేజీలు నింపేది. ఎవ్వరూ అడగలే. మీ ఊరి రిజిస్టరు కూడ ఒకసారి తీయించుకొని చూడండ్రి. బాగుంటే సంతోషం, లేకుంటే మద్దిచెట్లు, దసలి కాయలు అని ఒక పేజీ రాయించండ్రి.

దీనికి అడ్డం చెప్పినోళ్లు కూడ ఉన్నరు. మా దోస్తు ఒకాయన అన్నడు, "నువ్వు జాగ పెడితే రేపు కాయలు ఏరేటోళ్లు సంచి పట్టుకొని వస్తరు, నీ రాతనే దాని చావు." ఈ మాటల నిజం ఉన్నది, నేను కొట్టిపారేయను. వెయ్యి కాయలకు ఇంత అని ధర ఉన్న వస్తువు. అందుకే చెట్టు కాడి గుర్తు నలుగురికీ కనపడకుండ పెట్టే వీలు ఆ ఐనాచురలిస్ట్‌ల ఉన్నది, అది పెట్టించిన. రిజిస్టరుల ఊరు, వాగు పేరు దాక రాస్తే చాలు, ఏ గట్టో మన నోటుబుక్కుల ఉంటది. అసలే రాయొద్దు అంటే మాత్రం నేను ఒప్పుకోను. రాయకపోతే ఆ చెట్టు నరికినా, మందు కొట్టినా ఏం పోయిందో అడిగేటోడు ఉండడు.

ఇంకొకాయన, ఇది పట్టు డిపార్ట్‌మెంట్ పని, మనకెందుకు అన్నడు. వాళ్లు పగలు వస్తరు, పెంచే తోటకు వస్తరు. పురుగు రాత్రి వస్తది, మన గట్టు మీదికి వస్తది. వాళ్లను మనం అడగాల్సింది వేరే ఉన్నది: లోకల్ ఇంకా మిగిలిన జాగలు తేలితే, ఆ చుట్టుపక్కల తోటలకు లోకల్ గుడ్లే ఇవ్వండి, కాయ చిన్నదైనందుకు పెంచేటోళ్లకు వచ్చే నష్టం మీరు పూడ్చండి అని. ఈ మాట అడగాలంటే మన చేతుల రాసిన కాయితం ఉండాలె. ఉత్త నోటితోటి పోతే చాయ తాపించి పంపుతరు.

ఇగ నా ఇంటి ముచ్చట. ఈ ఎండకాలం మా తమ్ముడు కట్టెల బేరగాన్ని తెచ్చి గట్టు మీది మూడు మద్దులూ చూపెట్టిండు. పద్దెనిమిది వేలు అన్నడు బేరగాడు. వానలు పడకముందే కొట్టాలె, తర్వాత ట్రాక్టరు దిగదు. తమ్ముడు తప్పు మాట్లాడుతలేడు. నీడ పడ్డ నాలుగు సాళ్లు పత్తి ఆయనదే, ఆయన బిడ్డకు కాలేజీ ఫీజు కట్టాలె, గట్టు మీద ఇద్దరికీ హక్కు ఉన్నది. నేను ఆ రోజు పోయి కొమ్మలు లెక్కపెట్టిన. మొత్తం తొమ్మిది కాయలు. నాలుగు బొర్ర పడ్డయి, పాతవి. ఐదు నిండుగ ఉన్నయి, అన్నీ నల్లమద్దుల మీదనే. అందులో మూడు, నేను ఆనాడు మందు కొట్టిన చెట్టు మీద. ఒకదాని పొడుగు నాలుగు సెంటీమీటర్లు, కాడ ఐదు.

తమ్మునితోటి చెప్పిన: తెల్లమద్ది కొట్టుకో, ఆ పైసలు నువ్వే తీసుకో. నల్లమద్దులు రెండూ నా వాటా కింద ఉంచు, వాటి ధరల నీ సగం పత్తి అమ్మినంక ఇస్త. ఆయన నవ్విండు. "పురుగుకు ఐదు వేలు పెడుతున్నవా అన్నా" అన్నడు. నాలుగేండ్ల కింద చంపిన వాటి బాకీ అనుకో అన్న. సరే అనలే, కాదనలే. బేరగానికి మాత్రం ఇంకా ఫోను చేయలే అని మరదలు చెప్పింది.

మృగశిరకు ఇంక వారం పది రోజులే ఉన్నది. ప్రాణహిత అవతలి ఒడ్డోళ్లు, కోటపల్లి దిక్కోళ్లు, మహదేవపూర్ దిక్కోళ్లు మీ గట్ల మీది మద్దిచెట్లు చిగురు కమ్మకముందే ఒకసారి చూసి రండ్రి. కాయ కనపడితే ఏ చెట్టో, పొడుగెంతో, కాడెంతో, పెంచే తోట ఎంత దూరమో నాకు రాయండ్రి. నేను ఒక పెద్ద నోటుబుక్కు కొన్న. మొదటి పేజీల మా అమ్మ చెప్పింది రాసిన, రెండో పేజీ మా గట్టుది.

నిన్న రాత్రి రెండు చినుకులు పడ్డయి. పొద్దున పోయి చూసిన, ఐదు కాయలూ అట్లనే ఉన్నయి.